మూలన 'ఏఐ' అని రాసే ఉంది

ఆ వీడియో నిడివి 19 సెకన్లు. కింద కుడి మూలన దాన్ని తయారు చేసిన యాప్ ముద్ర ఉంది, 'ఏఐ' అన్న అక్షరాలతో సహా. ఈ కేసు గురించి ఎవరితో మాట్లాడినా నేను ముందు చెప్పేది ఆ ముద్ర సంగతే. డీప్‌ఫేక్‌ల (ఏఐతో చేసే నకిలీ వీడియోలు, గొంతుల) విషయంలో ప్రభుత్వం ఏం చేయాలన్న మాట వస్తే చాలు, ఎవరో ఒకరు 'లేబుల్ తప్పనిసరి చేస్తే సరిపోతుంది కదా' అంటారు. మా క్లయింట్ వీడియోకి లేబుల్ ఉంది. అయినా ఆవిడ ఉద్యోగం పోయింది.

నేను హైదరాబాద్‌లో క్రిమినల్ కేసులు చూసే లాయర్ని. కొన్నేళ్ళుగా నా దగ్గరికి వచ్చేవాటిలో సగం సైబర్ కేసులే. ఈ కేసు వివరాలు క్లయింట్ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఆవిణ్ణి గుర్తుపట్టే వీలున్న సంగతులు మార్చాను. కేసు నడిచిన తీరు మాత్రం మార్చలేదు.

శనివారం సాయంత్రం

2025 ఫిబ్రవరి 15. ఇంటర్ ప్రాక్టికల్స్ నడుస్తున్న రోజులు. నాంపల్లిలో నా ఆఫీసుకి అక్కాతమ్ముళ్ళిద్దరు వచ్చారు. అక్క దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్. మాట్లాడిందంతా తమ్ముడే. ఆవిడ బ్యాగు ఒళ్ళో పెట్టుకుని గోడమీద క్యాలెండర్ చూస్తూ కూర్చుంది.

కాలేజీ పిల్లల గ్రూపు ఒకటి, మెసేజింగ్ యాప్‌లో. శుక్రవారం రాత్రి అందులో ఆవిడ ముఖంతో ఒక అశ్లీల వీడియో పడింది. తెల్లారేసరికి ఇంకో రెండు గ్రూపులకు పాకింది. "పొద్దున్నుంచి ముగ్గురు ఫ్రెండ్స్‌కి పంపి అడిగిన మేడమ్, మీ దిక్కు కూడా తిరుగుతుందా అని" అన్నాడు తమ్ముడు. ముందు అది ఆపమన్నాను. ఐటీ చట్టం 67ఏ సెక్షన్‌లో ప్రచురించడం ఒక్కటే కాదు, పంపడం కూడా నేరమే. అతని మొహం పాలిపోయింది. ఇలాంటి కేసుల్లో దాదాపు ప్రతిసారీ ఇదే జరుగుతుంది. కంగారులో ఇంట్లోవాళ్ళే నాలుగు చోట్లకు పంపేస్తారు.

అప్పటిదాకా నోరు విప్పని ఆవిడ అప్పుడొక మాట అంది. "ఫేకని అందరికీ తెల్సు మేడమ్. తెల్సే చూస్తున్నరు."

డీప్‌ఫేక్ మీద వచ్చే వ్యాసాలన్నీ జనం మోసపోతారన్న భయం చుట్టూ తిరుగుతాయి. ఈ కేసులో ఎవరూ మోసపోలేదు. ప్రిన్సిపాల్‌కి తెలుసు, పిల్లలకి తెలుసు, వాచ్‌మన్‌కి కూడా తెలుసు. సోమవారం ఆవిడ క్లాసులోకి వెళితే వెనక బెంచీల్లో నవ్వులు. మేనేజ్‌మెంట్ పిలిచి, గొడవ సద్దుమణిగేదాకా సెలవు పెట్టమంది. ఆ సెలవు జూన్‌లో 'ఈ ఏడు రెన్యువల్ లేదమ్మా'గా మారింది.

ఫోటో ఎక్కడిదో కనుక్కోవడానికి కష్టపడలేదు. అంతకు ముందు దసరాకి కాలేజీలో బతుకమ్మ ఆడారు, ఫోటోలు కాలేజీ పేజీలో పెట్టారు. ఒక దాంట్లో ఆవిడ కెమెరా వైపు తిరిగి, పగటి వెలుతురులో నవ్వుతూ ఉంది. అది చాలు. ఏడెనిమిదేళ్ళ క్రితం ఒకరి ముఖం ఇంకొకరి ఒంటికి అతకాలంటే వందలకొద్దీ ఫోటోలు, ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు, గంటల తరబడి మిషన్‌ని నడపడం కావాల్సి వచ్చేది. ఇప్పుడు ఒక్క ఫోటో, ఒక ఫోను. బతుకమ్మ ఫోటో పెట్టడం తప్పా అని ఆవిడ తర్వాత చాలాసార్లు అడిగింది. ప్రతిసారీ కాదనే చెప్పాను.

ఆ రాత్రి చేసిన పనులు

మొదటి పని ఆధారం. వీడియో ఒక్కటే దించుకుంటే కోర్టులో నిలవదు. గ్రూపు పేరు, పెట్టినవాడి యూజర్ పేరు, తేదీ, సమయం, లింకు, కింద వచ్చిన కామెంట్లు అన్నీ కనిపించేలా స్క్రీన్ రికార్డింగ్ చేశాం. ఫైలుకి హ్యాష్ విలువ తీశాం, అంటే ఆ ఫైలుకి వేలిముద్ర లాంటి సంఖ్య. సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఇవ్వాల్సిన సర్టిఫికెట్‌లో ఆ విలువ రాయాలి. అందులో రెండు భాగాలుంటాయి, ఒకటి పార్టీ నింపేది, రెండోది ఎక్స్‌పర్ట్ నింపేది. రెండోదాన్ని మర్చిపోయి కొట్టుకుపోయిన కేసులు చూశాను. తమ్ముడి ఫోన్ ఫార్మాట్ చేయొద్దని, ఏ మెసేజీ చెరిపేయొద్దని రాయించి సంతకం తీసుకున్నాను.

రెండోది ఫిర్యాదు. ఇంటి నుంచి బయల్దేరేటప్పుడే వాళ్ళు 1930కి ఫోన్ చేశారు. అది డబ్బు పోయినప్పుడు పరుగెత్తాల్సిన నంబరు. ఇలాంటివాటికి జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లలపై నేరాలకు వేరే విభాగం ఉంది, అందులో పెట్టించాను. తర్వాత వాళ్ళ ఇంటి దగ్గరి స్టేషన్‌కి వెళ్ళాం. అక్కడి ఎస్సై మర్యాదగానే మాట్లాడాడు. కానీ "ఐటీ యాక్ట్ కేసులు ఇన్‌స్పెక్టర్ గారే చూడాలమ్మా, సైబర్ స్టేషన్‌కి పోండి" అన్నాడు. సగం నిజం. ఐటీ చట్టం 78వ సెక్షన్ ప్రకారం దర్యాప్తు ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గకూడదు. అంతమాత్రాన ఎఫ్ఐఆర్ రాయకూడదని కాదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం, బీఎన్ఎస్ఎస్, 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లో అయినా సమాచారం తీసుకోవాల్సిందే. గంటసేపు వాదించాక ఆదివారం పదకొండింటికి ఎఫ్ఐఆర్ చేతికొచ్చింది.

మూడోది వీడియో తీసేయించడం. అసలు యుద్ధం ఇక్కడే. యాప్‌లో ఉన్న రిపోర్ట్ బటన్ నొక్కితే కాసేపటికి ఒక తయారు జవాబు వచ్చింది, తమ నియమాలకు విరుద్ధంగా ఏమీ కనిపించలేదని. అప్పుడు ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ ఈమెయిల్ వెతికి, 2021 ఐటీ రూల్స్‌లోని 3(2)(బి) నియమం రాసి పంపాను. మార్ఫింగ్ చేసిన బొమ్మలను పేరు పెట్టి చెప్పిన నియమం అది. బాధితురాలే రాయక్కర్లేదు, ఆమె తరఫున ఎవరైనా రాయొచ్చు. అప్పట్లో గడువు 24 గంటలు. 31వ గంటలో తీశారు. అప్పటికే అది ఇంకో రెండు చోట్ల ఉంది.

ఆ తర్వాత పది రోజులు నా జూనియర్ పనంతా ఇదే. పొద్దున లేవగానే వెతకడం, కొత్త లింకు దొరికితే కొత్త ఫిర్యాదు. మొత్తం ఆరుసార్లు మళ్ళీ ఎక్కింది. ఒకసారి పక్కలు కత్తిరించి, ఒకసారి అద్దంలో చూసినట్టు తిప్పి. అలా మారిస్తే మామూలు హ్యాష్ మారిపోతుంది, పాత ఫైలే అని యాప్ మిషన్‌కి తెలియదు. దృశ్యం పోలికను బట్టి పట్టే హ్యాష్‌లు వేరే ఉన్నాయి. పిల్లల అశ్లీల చిత్రాల విషయంలో పెద్ద కంపెనీలు ఏళ్ళ తరబడి వాటినే వాడుతున్నాయి. పెద్దవాళ్ళ కోసం కూడా స్టాప్ ఎన్‌సీఐఐ అనే సర్వీసు ఉంది. వీడియోను ఎవరికీ పంపకుండా మన ఫోన్‌లోనే దాని ముద్ర తీసి, చేరిన కంపెనీలకు ఇస్తుంది. అందులో చేరని యాప్‌లకు అది పట్టదు. మాకు తగిలినవి అలాంటివే.

చివరి లింకు ఫిబ్రవరి 26న పోయింది, శివరాత్రి నాడు. ఫోన్ చేసి చెప్తే, "పదకొండు రోజులు జాగారమే చేసిన మేడమ్" అంది.

ముఖం ఈవిడది, ఒళ్ళు ఎవరిదో

ఎఫ్ఐఆర్‌లో ఏ సెక్షన్లు రాయాలన్న దగ్గర నేను, ఇన్‌స్పెక్టర్ చాలాసేపు కూర్చున్నాం. దేశంలో డీప్‌ఫేక్‌కి చట్టమే లేదనేవాళ్ళూ, ఉన్న చట్టాలు చాలనేవాళ్ళూ ఇద్దరూ ఈ బల్ల దగ్గర కూర్చుంటే బాగుండేది.

ఐటీ చట్టం 66ఈ, గోప్యతకు భంగం. అనుమతి లేకుండా ఒకరి శరీరంలోని గోప్య భాగాలను చిత్రీకరించడం, ప్రచురించడం. కానీ ఆ శరీరం ఈవిడది కాదే. రేపు డిఫెన్స్ లాయర్ మొదటి ప్రశ్న అదే అడుగుతాడు, ఆయన స్థానంలో నేనున్నా అడుగుతాను. ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్‌లో 77, చాటుగా చూడడం, చిత్రీకరించడం. అక్కడా అదే చిక్కు. మళ్ళీ ఐటీ చట్టంలో 66డి, వేషం మార్చి మోసం. ఇక్కడ ఎవరూ మోసపోలేదు. 66సి, ఒకరి ప్రత్యేక గుర్తింపు లక్షణాన్ని దొంగిలించడం. ముఖం అలాంటి లక్షణమేనా? అవునని వాదించొచ్చు. బీఎన్ఎస్ 336(4), పరువు తీయడానికి దొంగ రికార్డు సృష్టించడం, మూడేళ్ళ దాకా శిక్ష. ఇది బాగానే అతుకుతుంది. స్త్రీ గౌరవానికి భంగం కలిగించే 79 కూడా రాశాం.

అన్నిటికంటే గట్టిది ఐటీ చట్టం 67ఏ. మొదటిసారి నేరానికి ఐదేళ్ళ దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా. కానీ ఆ సెక్షన్ కోపమంతా అశ్లీలత మీద. ఈవిడకు జరిగిన అన్యాయం అందులో ఎక్కడా లేదు. ఇద్దరు పెద్దవాళ్ళు ఇష్టపడి తీయించుకుని పెట్టిన వీడియో అయినా ఇదే సెక్షన్, ఇదే శిక్ష. అంటే మా క్లయింట్‌కి న్యాయం జరిగేది ఆమెకు గాయమైనందుకు కాదు, సమాజం సిగ్గుపడినందుకు. ఆవిడకు ఈ తేడా చెప్పినప్పుడు కాసేపు ఆలోచించి, "అంటే నేను సాక్షినా మేడమ్, ఫిర్యాదుదారునా?" అంది. లాయర్లకు తట్టని ప్రశ్నలు క్లయింట్లకు తడతాయి.

తెరమీద మనకు కనపడని ఇంకొక స్త్రీ కూడా ఉంది. ఆ ఒళ్ళు ఎవరిది? రష్మిక మందన్న వీడియో విషయంలో కనీసం అది తెలిసింది. 2023 నవంబర్‌లో ఆమె ముఖం అతికించింది ఒక బ్రిటిష్ ఇండియన్ యువతి సొంత వీడియోకి. ఢిల్లీ పోలీసులు నవంబర్‌లో కేసు పెడితే, గుంటూరు జిల్లా యువకుణ్ణి అరెస్టు చేసింది 2024 జనవరి 20న. దేశమంతా మాట్లాడిన కేసుకే రెండు నెలలు దాటింది. చిరంజీవి గారి సంగతి మన ఊరిదే. 2025 సెప్టెంబర్ 26న సిటీ సివిల్ కోర్టు ఆయన పేరు, గొంతు, రూపం వాడుకోకుండా మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అక్టోబర్‌లో ఆయన డీప్‌ఫేక్ అశ్లీల వీడియోల మీద హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసుల దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది. అంతటి మనిషికి కోర్టు కాగితం చేతిలో ఉన్నా ఇదీ పరిస్థితి. కెమిస్ట్రీ లెక్చరర్ ఏ పర్సనాలిటీ రైట్స్ (తన పేరు, రూపం మీద హక్కులు) అడుగుతుంది? ఆ వాదన ముఖానికి మార్కెట్లో ధర ఉన్నవాళ్ళకు పనికొస్తుంది.

199 రూపాయలు

వీడియో పెట్టినవాడి వివరాలు ఇవ్వమని పోలీసులు మెసేజింగ్ యాప్‌కి రాశారు. జవాబు వారాలైనా రాలేదు. దొంగ దొరికింది వేరే దారిలో, దర్యాప్తు చేసిన ఇన్‌స్పెక్టర్ తెలివి వల్ల.

మూలనున్న ముద్రను బట్టి ఆయన ఆ వీడియో తయారు చేసిన బాట్‌ను, అంటే దానంతటదే పనిచేసే ప్రోగ్రామ్‌ను, వెతికి పట్టుకున్నాడు. ఫోటో పెట్టమంటుంది, మసకగా ఒక నమూనా చూపిస్తుంది, పూర్తి వీడియో కావాలంటే 199 రూపాయలు కట్టమని యూపీఐ క్యూఆర్ కోడ్ ఇస్తుంది. నడిపేవాళ్ళు ఏ దేశంలో ఉన్నారో ఎవరికీ తెలియదు. కానీ డబ్బు మాత్రం మన దేశంలో, మన పేమెంట్ కంపెనీ గుండా, మన బ్యాంకులోకే పోతోంది. ఆ కంపెనీకి నోటీసు ఇస్తే, ఆ రెండు రోజుల్లో వచ్చిన చెల్లింపుల జాబితా వచ్చింది. అందులో ఒక నంబరు సరూర్‌నగర్‌లో బట్టలు కుట్టే ఒకావిడది. ఆమె కొడుకు ఈ కాలేజీలోనే ఇంటర్ సెకండియర్. వయసు 17. అమ్మ ఫోన్‌లోంచి కట్టాడు. ఆ తల్లి గేమ్ రీచార్జ్ అనుకుందట.

ఎందుకు చేశావంటే ల్యాబ్‌లో ఫోన్ గుంజుకుందని అన్నాడు. అంతే. తర్వాత ఆ పిల్లాడన్న మాట నా ఫైల్లో అండర్‌లైన్ చేసుకున్నాను. "జోక్ సార్. మూలకు ఏఐ అని ఉంది కదా."

లేబుల్ ఆవిడకు డాలుగా పనికిరాలేదు. వాడికి పనికొచ్చింది.

పిల్లాడి విషయం 2015 బాల న్యాయ చట్టం కింద జువెనైల్ జస్టిస్ బోర్డుకి వెళ్ళింది. అక్కడ ఏం జరిగిందో రాయను, రాయకూడదు కూడా. ఫార్వర్డ్ చేసినవాళ్ళలో ఇద్దరు పెద్దవాళ్ళు, వాళ్ళ మీద కేసు నడుస్తోంది. ఆ బాట్ పేరు మార్చుకుని ఇంకో క్యూఆర్ కోడ్‌తో మళ్ళీ తెరుచుకుంది. దాన్ని మూయించే పని ఏ ఒక్క శాఖదీ కాదు. ఈ కేసు మొత్తంలో నాకు కడుపుమండేది అదే. 17 ఏళ్ళ పిల్లాణ్ణి బోర్డు ముందు నిలబెట్టగలిగాం. అతనికి ఆ సరుకు అమ్మినవాణ్ణి ముట్టుకోలేకపోయాం. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో సిటీ అటార్నీ 2024 ఆగస్టులో ఇలా బట్టలూడదీసే వెబ్‌సైట్లు నడిపేవాళ్ళ మీదే దావా వేశాడు. దుకాణం మీదికి వెళ్ళడమంటే అది.

నిజమే కానీ 'ఏఐ' అన్నారు

ఇక రెండో వైపు. ఇది కూడా నా ఫైళ్ళలోంచే. ఒక మేస్త్రీ తన కూలి బాకీ అడిగితే కాంట్రాక్టర్ వాయిస్ మెసేజీలో బెదిరించాడు, బూతులతో సహా. కోర్టులో ఆ కాంట్రాక్టర్ లాయర్ లేచి, 'ఇది ఏఐతో చేసిన గొంతు' అన్నాడు. ఒక్క ముక్క. దాంతో భారమంతా మేస్త్రీ నెత్తిన పడింది. ఫోన్ జమ, ఫోరెన్సిక్ ల్యాబ్ వరుస, గొంతు నమూనాకు మేజిస్ట్రేట్ ఉత్తర్వు. గొంతు నమూనా ఇవ్వమని ఆదేశించొచ్చని సుప్రీంకోర్టు 2019లోనే రితేష్ సిన్హా కేసులో చెప్పింది, కాబట్టి దారి ఉంది. కానీ రోజుకూలి మానుకుని ఎన్ని వాయిదాలకు తిరుగుతాడు? మెసేజీ అసలు ఫోన్‌లో అలాగే ఉండబట్టి కేసు ఇంకా బతికుంది.

'ఇది ఏఐ' అనే మాట ఒక కాంట్రాక్టర్ నోట్లో ఉంటేనే ఇంత బరువు. ప్రభుత్వం నోట్లో ఉంటే? మా లెక్చరర్ కేసు వేడి చల్లారక ముందే, 2025 మార్చి చివర్లో కంచ గచ్చిబౌలి గొడవ వచ్చింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన 400 ఎకరాల్లో బుల్డోజర్లు దిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్లు కొట్టడం ఆపించింది. ఆన్‌లైన్‌లో తిరిగిన బొమ్మల్లో కొన్ని ఏఐ బొమ్మలే, అది నిజం. బుల్డోజర్లు మాత్రం ఏఐవి కావు. రాష్ట్ర ప్రభుత్వం ఏఐ కంటెంట్‌తో లేని సంక్షోభం సృష్టించారంది, కేసులు పెట్టింది. ఏఐతో గీసిన ఒక బొమ్మను రీషేర్ చేసినందుకు ఒక సీనియర్ ఐఏఎస్ అధికారిణికి కూడా పోలీసు నోటీసు వెళ్ళింది. ఆ బొమ్మ చూసి నిజం ఫోటో అనుకునేవాళ్ళు ఉండరు, అది కార్టూన్ లాంటిది.

అందుకే 'డీప్‌ఫేక్ నిషేధ చట్టం' అనే పేరు వింటే నాకు భయం. ఏది నిజమో చెప్పే అధికారం ప్రభుత్వం చేతిలో పెడితే అది మొదట ఎవరి మీద వాడతారో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన మాటలు రాస్తే శిక్షించే ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో కొట్టేసింది, మాటలు అంత వదులుగా ఉన్నందుకే. కేంద్రం తన పనుల గురించి వచ్చిన వార్తల్లో ఏది అబద్ధమో తానే తేల్చే ఫ్యాక్ట్ చెక్ యూనిట్ నియమాన్ని బాంబే హైకోర్టు 2024 సెప్టెంబర్‌లో కొట్టేసింది. ఆ రెండు తీర్పులూ మా వైపు వాళ్ళకు గుర్తుంటాయి, చట్టం రాసేవాళ్ళు మర్చిపోతుంటారు.

గడియారం ఎవరి చేతికి

నియంత్రణ వద్దని నేననడం లేదు. ఆ పదకొండు రోజులు చూసినవాళ్ళెవరూ వద్దనలేరు.

కేంద్రం 2025 అక్టోబర్‌లో ఐటీ రూల్స్ సవరణ ముసాయిదా తెచ్చింది. ఏఐతో చేసిన దృశ్యంలో కనీసం 10 శాతం మేర లేబుల్ ఉండాలంది, ఆడియో అయితే మొదటి 10 శాతం సేపు. 2026 ఫిబ్రవరి 10న తుది నియమాలు వచ్చాయి, 20 నుంచి అమలు. 10 శాతం లెక్క పోయింది, స్పష్టంగా కనపడే లేబుల్ మిగిలింది. పెట్టేవాళ్ళు అది ఏఐ సరుకో కాదో చెప్పాలి, పెద్ద వేదికలు దాన్ని సరిచూడాలి. నాకు ముఖ్యమైనది గడియారం. నగ్న, మార్ఫింగ్ బొమ్మల మీద బాధితులు ఫిర్యాదు చేస్తే 24 గంటల స్థానంలో 2 గంటలు. కోర్టు, ప్రభుత్వ ఆదేశాలకు 36 గంటల స్థానంలో 3 గంటలు.

మొదటి గడియారం మా క్లయింట్ లాంటివాళ్ళది. దానికి రెండు చేతులా దండం పెడతాను. రెండోది వేరే రకం. మూడు గంటల్లో ఏ కంపెనీ లాయరూ ఆ ఆదేశం సబబా కాదా అని చదివి తేల్చడు, తీసేసి చేతులు దులుపుకుంటాడు. కంచ గచ్చిబౌలి లాంటి వారంలో ఈ గడియారం నడిస్తే ఏం మిగిలేదో ఆలోచించండి. రెండింటినీ ఒకే సవరణలో కట్టి తేవడం నాకు నచ్చలేదు. లెక్చరర్ పేరు చెప్పి మంత్రిగారి కార్టూన్ తీయించకూడదు.

బయటి దేశాలు తలా ఒక దారి పట్టాయి. చైనాలో 2025 సెప్టెంబర్ 1 నుంచి లేబుల్ తప్పనిసరి. యూరప్ ఏఐ చట్టంలోనూ 50వ అధికరణం అదే బాట. దక్షిణ కొరియా 2024లో చట్టం మార్చి, డీప్‌ఫేక్ అశ్లీల వీడియోలు తెలిసి దగ్గర పెట్టుకున్నా, చూసినా శిక్ష అంది. ఆ వార్త చదివినప్పుడు 'తెల్సే చూస్తున్నరు' అన్న మాట గుర్తొచ్చింది. అయితే చూసిన ప్రతి ఇంటర్ పిల్లాణ్ణీ స్టేషన్‌కి పిలవాలని నాకు లేదు. అమెరికా 2025 మే 19న టేక్ ఇట్ డౌన్ చట్టం చేసింది. అనుమతి లేని సన్నిహిత దృశ్యాలను, డీప్‌ఫేక్‌లతో సహా, 48 గంటల్లో తీయాలి, వాటి నకళ్ళను కూడా వెతికి తీసే ప్రయత్నం చేయాలి. గడువు మనకంటే ఎక్కువే. కానీ ఆ నకళ్ళ ముక్క మన నియమాల్లో ఉంటే మా జూనియర్‌కి పది రోజులు మిగిలేవి.

నన్ను రాయమంటే మొదట ఒక చిన్న సెక్షన్ రాస్తాను. ఒక వ్యక్తి రూపంతో వారి అనుమతి లేకుండా లైంగిక దృశ్యం తయారు చేయడం, పంచడం, పంచుతానని బెదిరించడం నేరం. అది నిజమని నమ్మించాడా, లేబుల్ వేశాడా అన్నది లెక్కలోకి రాదు. శరీరం ఎవరిదన్నదీ లెక్కలోకి రాదు. బాధితురాలు ఫిర్యాదుదారు, సాక్షి కాదు. ఆ తర్వాత, ఇలాంటి బాట్లకు క్యూఆర్ కోడ్ ఇచ్చే పేమెంట్ కంపెనీ నోటీసు అందాక కూడా ఖాతా మూయకపోతే దాన్నీ బాధ్యురాల్ని చేస్తాను. 199 రూపాయల దారి మూస్తే సరదాకి చేసేవాళ్ళలో చాలామంది అక్కడే ఆగిపోతారు. రాజకీయ వీడియోలు, వ్యంగ్యం, సినిమావాళ్ళ మిమిక్రీ జోలికి ఈ సెక్షన్ పోదు. వాటి మీద తగువులుంటే పరువునష్టం కేసులున్నాయి, ఎన్నికల నియమాలున్నాయి. ఆ తగువులు నెమ్మదిగా, కోర్టులోనే తేలాలి.

ఓటర్లను మోసగించే వీడియోల సంగతేంటని మిత్రులు అడుగుతారు. 2024 లోక్‌సభ ఎన్నికలప్పుడు రిజర్వేషన్ల మీద అమిత్ షా మాట్లాడినట్టు తిరిగిన వీడియో కేసు తెలంగాణ దాకా వచ్చింది, అరెస్టులు జరిగాయి. అందులో ఏఐ ఏమీ లేదు, మామూలు కత్తెర పనే. ఎన్నికల సంఘం మే 6న పార్టీలకు చెప్పింది, తప్పుడు కంటెంట్ దృష్టికి రాగానే 3 గంటల్లో తీసేయాలని. పార్టీల చేత తమ సొంత సరుకు తీయించడం నాకు సమ్మతమే.

ఇప్పుడు

ఆవిడ వేరే కాలేజీలో చేరింది, ఊరికి ఇంకో మూలన. స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో ఆవిడ ఫోటో స్థానంలో గులాబీ పువ్వు ఉంటుంది. నెలకోసారి మా ఆఫీసులో వెతుకుతాం, ఫీజు లేకుండా.

2026 మార్చిలో ఒక లింకు దొరికింది. ఏడాది తర్వాత. అదే 19 సెకన్లు, ఈసారి మూలన ముద్ర చెరిపేసి ఉంది. సైటుకి గ్రీవెన్స్ ఆఫీసర్ లేడు, చిరునామా లేదు, మన దేశంలో ఆఫీసు లేదు. 2 గంటల గడియారం ఎవరికి పంపాలి? దేశంలో ఆ పేజీ తెరుచుకోకుండా కేంద్రం చేత ఆపించవచ్చు. కానీ ఆ అధికారం ఇచ్చే ఐటీ చట్టం 69ఏ సెక్షన్ చదివితే దేశ సార్వభౌమత్వం ఉంది, రక్షణ ఉంది, శాంతిభద్రతలున్నాయి, విదేశాలతో స్నేహం ఉంది. ఒక స్త్రీ గౌరవం అనే కారణం ఆ జాబితాలో లేదు. పోర్టల్‌లో మళ్ళీ ఫిర్యాదు పెట్టి, హైకోర్టులో రిట్ వేయడానికి కాగితాలు సిద్ధం చేస్తున్నాం.

అఫిడవిట్ మీద సంతకం పెట్టడానికి వచ్చినప్పుడు, జతచేసే కాగితాల జాబితా చదివింది. అందులో నాలుగోది ఆ వీడియో ఉన్న పెన్‌డ్రైవ్.

"జడ్జిగారు కూడా చూస్తరా మేడమ్?" అంది.

సీల్డ్ కవర్లో ఇస్తామని చెప్పాను.